ఎదురు కొట్టులో దాచిన పేరు

అమ్మ పోయాక పదకొండు రోజులు మా మంగళగిరి చీరల కొట్టు తెరవలేదు. మైలలో వ్యాపారం వద్దని ఫోన్ కూడా ముట్టలేదు. పన్నెండో రోజు చూసుకుంటే, ఏటా డబ్బు కట్టి ఇంటర్నెట్‌లో నిలుపుకునే మా కొట్టు పేరు గడువు దాటి నాలుగు రోజులైంది.

ఇప్పుడు చీరలు కొనేది మనుషులు కాదు, వాళ్ల ఇళ్లలోని యంత్రాలు. అవి పేరు చూసే కొంటాయి. గడువు దాటిన పేరును దొంగలు క్షణంలో ఎత్తుకుపోయి, దాని కింద మిల్లు చీరలు అమ్ముతారు. మా ముప్పై మగ్గాలూ ఆగిపోయినట్టేననుకున్నాను.

వెతికితే, పేరు ఎదురు కొట్టు వీరరాఘవమ్మ దగ్గరుంది. ఇరవై ఏళ్లుగా నా బేరాలు చెడగొడుతున్న మనిషి. ఎంత గుంజుతుందోనని లెక్క వేసుకుంటూ వీధి దాటాను.

"ఏం అడుగుతావో చెప్పక్కయ్యా."

"అడిగేదేముంది? ఊరెళితే మీ నాన్న తాళంచెవి మాకే ఇచ్చెళ్లేవాడు. నువ్వు ఇవ్వడం మరిచిపోయావు. అందుకే గడువు దాటేదాకా కాచుకొని కూర్చుని నేనే తీసుకున్నా."

అక్కడికక్కడే పేరు నాకు మార్చేసింది.

"ఇక కొట్టు తెరువు తమ్ముడూ. చెడగొట్టడానికి బేరాల్లేక నాకూ తోచడం లేదు."

ఇప్పుడు మా గోడ క్యాలెండర్‌లో రెండు గడువులు రాసుంటాయి. ముందు రాసింది ఆమె కొట్టుది.