తెర మీద గుండ్రం

తెడ్డు దెబ్బకి కీబోర్డు రెండు ముక్కలైంది. రెండో దెబ్బ శివరామకృష్ణ భుజం మీద పడింది.

"ఇంత గాలేత్తంటే ఇప్పుడు కూడా పచ్చ గుండ్రమే పెట్టావేట్రా!" అర్జునరావు అరిచాడు.

గాజువాకలో మేడ మీద చిన్న గది అది. శివరామకృష్ణ అక్కడే వెబ్‌సైట్లు తయారుచేస్తాడు. బయట గాలి రేకుల్ని పీకేస్తోంది. తెర మీద మాత్రం ఆకుపచ్చ గుండ్రం నిమ్మళంగా వెలుగుతోంది. దాన్ని చూస్తుంటే అర్జునరావుకి ఒళ్ళు మండిపోయింది.

మండదూ మరి? ఆ గుండ్రాన్ని నమ్మే కదా తమ్ముడు దొరబాబుని సముద్రంలోకి పంపాడు! మత్స్యకార సంఘం పెద్దగా ఈ వెబ్‌సైట్ పెట్టించిందీ తనే. గుండ్రం పచ్చగా ఉంటే వేటకెళ్ళొచ్చు, ఎర్రగా ఉంటే వెళ్ళకూడదు. రెండు నెలలుగా రోజూ సాయంత్రం ఇంటర్నెట్ సెంటర్‌కెళ్ళి, తనే చూసి పేటలో చెబుతున్నాడు. రోజూ పచ్చే. పదకొండు రోజుల కిందటా పచ్చే. గాలి లేచేసరికి మిగతా తెప్పలు వెనక్కి తిరిగాయి. అందరికన్నా ముందెళ్ళిన దొరబాబు అయిదో రోజున భీమిలి దగ్గర ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. మొహం చేపలు తినేశాయి. మొలతాడు చూసి పోల్చుకున్నారు.

అర్జునరావు అసలే కోపిష్టి. పండు మిరపకాయలు తెమ్మంటే పచ్చివి తెచ్చాడని పెళ్ళాం పోతమ్మ నవ్వినందుకు, పూర్ణా మార్కెట్ నడిరోడ్డు మీద సంచి విసిరికొట్టిన మనిషి. అలాంటివాడు తమ్ముడి చావుకి ఊరుకుంటాడా?

తలుపుకి అడ్డంగా అతని బావమరిది ఎల్లాజీ నిలబడ్డాడు. మూలన దొరబాబు భార్య ఈశ్వరి. "నీ మొగుణ్ణి సంపినోడి సావు సూద్దువుగాని రా" అని అర్జునరావే ఆమెని వెంటబెట్టుకొచ్చాడు.

"అది ఎరుపండీ! ఆ రోజూ ఎరుపే పెట్టాను," శివరామకృష్ణ నెత్తురు ఉమ్మాడు. "కొందరికి రంగు ఒక్కటే సరిపోదేమో, కింద మాటలు కూడా రాస్తానంటే మీరే కదండీ వద్దన్నారు!"

"సదువు రానోళ్ళకి మాటలెందుకురా? అందరికీ కళ్ళున్నాయి, రంగు సాలన్నాను. ఆ రంగే నువ్వు మార్సలేదు!"

తెడ్డు మోకాలి మీద దిగింది. ఎముక విరిగిన చప్పుడు గాలి హోరులోనూ వినిపించింది.

"బావా..." ఎల్లాజీ తెరకేసి చూశాడు. "ఒక్క పాలి నా మాట..."

"నోర్ముయ్!"

అర్జునరావు శివరామకృష్ణ జుట్టు పట్టి లేపి, మొహాన్ని తెర దగ్గరకి లాగాడు.

"ఇదేటి రంగు?"

"ఎరుపండీ."

మొహాన్ని బల్లకేసి కొట్టాడు. పన్నొకటి ఊడి నేల మీద దొర్లింది.

"ఇప్పుడు సెప్పు."

"ఎరుపే... మా అమ్మ మీదొట్టు."

చచ్చేముందు కూడా అబద్ధమే! అర్జునరావుకి దుఃఖం తన్నుకొచ్చింది. చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని అలలు చూపించిన తమ్ముడు. వాణ్ణి చంపినవాణ్ణి చంపకుండా ఈ మేడ దిగనని పొద్దున్న ఒట్టు పెట్టుకున్నాడు. తెడ్డుని రెండు చేతులా పైకెత్తాడు. ఈసారి దెబ్బ నెత్తి మీదే.

కొట్టబోతూ మరదలివైపు తిరిగాడు.

"ఈడు ఒప్పుకోడు. నువ్వు సెప్పు తల్లీ, అదేటి రంగు?"

ఈశ్వరి తెరని చూసింది. అర్జునరావుని చూసింది.

"ఎరుపే, బావగోరూ."