అమ్ముడుపోయిన గిటారు

“చేత్తో అందుకోనైనా లేదు, చూశావా?” అని బావమరిది చిట్టియ్య చెవిలో కసిగా అన్నాడు చంద్రరావు.

రావులపాలెం నుంచి రాజమండ్రి దాకా బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన చక్కెరకేళి అరటిపళ్ళ అత్తం అది. రెండు చేతులా చాస్తే, గిటారు ఉదయ్‌భాస్కర్ “అక్కడ పెట్టండి” అని గడ్డంతో బల్ల చూపించాడు. మిట్టమధ్యాహ్నం ఉక్కపోతలో, భుజాల మీంచి శాలువా కప్పుకుని కూర్చున్నాడు.

“సన్మానాల శాలువా ఇంట్లో కూడా దింపడు కాబోలు,” మళ్ళీ గొణిగాడు చంద్రరావు.

ఒకప్పుడు ఈ భాస్కర్ గిటారు మీద కల్యాణి వాయిస్తే, ద్రాక్షారామంలో జనం వానలో తడుస్తూ కూడా కదల్లేదు. తర్వాత కొన్నాళ్ళు కచేరీలు ఎత్తేసి, ఇప్పుడు పాప్ పాటల కేసెట్టు వేశాడు. కేబుల్ టీవీలో గిటారు మెళ్ళో దండలా వేలాడేసుకుని, పాడుతూ ఊగుతున్నాడు. రావులపాలెంలో అతని అభిమానులు రెండుగా చీలిపోయారు. పాత భాస్కర్‌ని ఒక్కసారి రప్పిస్తే అందరూ మళ్ళీ ఒకటవుతారని చంద్రరావు ఆశ. రప్పిస్తానని అందరికీ మాటిచ్చి మరీ వచ్చాడు.

“ఒక్క కచేరీ అండి. పాత పద్ధతిలో. గంట చాలు.”

“వాయించనండి. ఇప్పుడు పాడుతున్నాను కదా.”

“పాటెందుకండి మాకు? మా అరటి మార్కెట్లో వేలంపాట పాడేవాడికీ ఉంది గొంతు!”

చిట్టియ్య ఇబ్బందిగా కదిలాడు. “అలా అనకు బావా. మా ఇంటిదానికి ఆ పాటలే నచ్చాయి. నాకూ… ఒకటి బానే ఉంది.”

“నువ్వూరుకోవోయ్! నీకు బొండం కొట్టే చప్పుడైనా బానే ఉంటుంది.”

భాస్కర్ నవ్వాడు.

“నవ్వుతారేంటండీ? కేసెట్టు మొత్తం వెతికాను. మీ గిటారేదండి అందులో?”

“జనానికి పాట కావాలి. దాన్లో డబ్బులున్నాయి. గిటారుతో ఏమొస్తుందండి?”

కాఫీ గ్లాసులు పెడుతున్న భాస్కర్ భార్య ఉమాశ్రీ, “ఏంటండీ, అలా చెప్తారు…” అనబోయింది. అతను కళ్ళతోనే వారించాడు. ఆవిడ లోపలికెళ్ళిపోయింది.

చంద్రరావు కాఫీ ముట్టలేదు. జేబులోంచి పాత కేసెట్టు తీశాడు.

“పోనీ, దీని మీద సంతకమైనా పెట్టండి. నిజం భాస్కర్ గారని ఒకాయన ఉండేవారని మావాళ్ళకి చూపించుకుంటాను.”

“సంతకాలు మానేశానండి.”

“ఆయ్, మానేస్తారు మరి! దానికీ రేటు కట్టుంటారు.” చంద్రరావు లేచాడు. “ఆ గిటారాయన పోయాడని చెప్పుకుంటాం లెండి ఊళ్ళో.”

“అలాగే చెప్పండి,” అన్నాడు భాస్కర్ తేలిగ్గా.

విసురుగా వీధిలోకొచ్చాక అరికాళ్ళు చుర్రుమన్నాయి. కోపంలో చెప్పులు అరుగు కిందే వదిలేశాడు. తిట్టుకుంటూ వెనక్కొచ్చాడు. తీసున్న కిటికీలోంచి చూస్తే, లోపల ఉమాశ్రీ పప్పన్నం ముద్దలు చేసి మొగుడి నోట్లో పెడుతోంది.

“చూడవోయ్ చిట్టియ్యా! మహారాజు గారికి అన్నం కలుపుకోడానిక్కూడా బద్ధకమే. థూ!” అన్నాడు చంద్రరావు.

శాలువాలోంచి జీవం లేనట్టు కిందికి జారిన మొగుడి కుడిచేతిని ఉమాశ్రీయే ఎత్తి అతని ఒళ్ళో పెట్టింది.