యుర్కివ్‌ల ఇంట్లో రొట్టె

"అమ్మా, ముందు ఆ పొయ్యిలోంచి చెయ్యి బయటికి తియ్యండి!"

గుమ్మంలోంచే అరిచాడు ఒరెస్ట్. ముసలావిడ వెనక్కి తిరిగి చూడనైనా లేదు. గది మూలనున్న పెద్ద మట్టిపొయ్యిలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, పెదవులు కదుపుతూ ప్రార్థన చదువుతోంది. 'మా అనుదినాహారము' అనే మాట దగ్గరికి వచ్చాక చటుక్కున చెయ్యి లాగేసుకుంది.

"వేడి ఇప్పుడు సరిగ్గా ఉంది," అంది. "అంతకు ముందే చుర్రుమంటే రొట్టె మాడుతుంది. చివర ఆమేన్ దాకా ఓర్చుకోగలిగితే లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఏం కావాలబ్బాయ్?"

ఒరెస్ట్ జేబు మీది గుర్తింపు కార్డు చూపించాడు. ఎడ్మంటన్ పెద్దాఫీసు నుంచి తనిఖీకి వచ్చాడతను. ఉక్రెయిన్ నుంచి మొట్టమొదట కెనడాలోని ఆల్బర్టా బీళ్ళకి వలస వచ్చినవాళ్ళ ఇళ్ళని చుట్టుపక్కల పొలాల్లోంచి దుంగ దుంగా విప్పుకొచ్చి, ఇక్కడ మళ్ళీ ఓ మ్యూజియం పల్లెలా నిలబెట్టారు. ఇంటికొక ఉద్యోగి ఆనాటి బట్టలు కట్టుకుని, చూడవచ్చినవాళ్ళ ముందు ఆనాటి మనిషిలాగే మసలాలి. వాళ్ళకిచ్చే శిక్షణ పుస్తకం రాసింది ఒరెస్టే.

"తలగుడ్డ ముడి గడ్డం కింద ఉండాలి. మీరు వెనక్కి వేశారు," అన్నాడు కాగితం తీస్తూ.

"గడ్డం కింద ముడి చర్చికి పోయేటప్పుడు. పనిలో అలా కడితే కొసలు పోయి పిండిలో పడతాయి."

"నేల అలికేది మట్టీ గడ్డీ కలిపి అని పుస్తకంలో ఉంది. ఇక్కడేదో వాసన వస్తోంది."

"పేడ. అది కలపకపోతే వారం తిరక్కుండా పెళ్ళలు లేస్తుంది. నీ పుస్తకం రాసినవాడెవడో జన్మలో నేల అలికిన పాపాన పోలేదు."

ఒరెస్ట్ చెవులు ఎర్రబడ్డాయి. అందరినీ అడిగే ప్రశ్న అడిగాడు. "మీరు ఏ ఊరినుంచి వచ్చారు?"

పుస్తకం ప్రకారం ఉక్రెయిన్‌లోని గలీషియా ప్రాంతంలో ఏదో ఒక పల్లె పేరు చెప్పాలి, ఎక్కి వచ్చిన ఓడ పేరు చెప్పాలి. ఆవిడ మాత్రం రొట్టెముద్దని వెడల్పాటి చెక్క తెడ్డు మీదికి జారుస్తూ, "ఎక్కడినుంచీ రాలేదు. ఇక్కడిదాన్నే," అంది.

"తప్పు," అని రాసుకున్నాడు. "ఈ ఇల్లు కట్టిందెవరు?"

"యెవ్‌దోఖా."

"అదీ తప్పే. ఇంటి యజమాని యుర్కివ్."

"యజమాని దుంగలు పేర్చేసి రైలు పట్టాల పనికి పోయాడు. మంచు పడేదాకా మళ్ళీ ఇటు రాలేదు. మట్టి తొక్కిందీ, గోడలు మెత్తిందీ, కప్పు మీద గడ్డి పరిచిందీ ఆయన భార్య యెవ్‌దోఖాయే. కడుపుతో ఉండి చేసింది."

"ఆ సంగతి పుస్తకంలో లేదు."

"అందుకేగా చెబుతున్నా. రాసుకో."

ఒరెస్ట్‌కి ఒళ్ళు మండింది. "చూడండమ్మా, ఇలా మాట్లాడితే మీ ఉద్యోగం ఉండదు. అసలీ ఇల్లే ఉండదు. జనం రావడం లేదని మూసెయ్యాల్సినవాటి జాబితా వేశాం. అందులో మొదటిది ఇదే."

ఆవిడ చేతిలో తెడ్డు ఆగిపోయింది.

"మూసేస్తారా?"

ఒరెస్ట్ ఆ జాబితా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆవిడ తెడ్డు లోపలికి తోసి, ఒక్క విదిలింపుతో రొట్టెని పొయ్యిలో దింపింది. "అయితే ఇది కాలేదాకా ఉండి పో. ఊరికే నిలబడకు. ఆ బకెట్టు తీసుకెళ్ళి బావిలోంచి నీళ్ళు పట్రా."

ఎందుకు తీసుకున్నాడో అతనికే తెలియలేదు. తీసుకుని వెళ్ళాడు. దారిలో ఇంకో రెండిళ్ళు తనిఖీ చేసి, నిండు బకెట్టుతో తిరిగొచ్చేసరికి గుమ్మంలో కాలు పెట్టే సందు లేదు. రొట్టె వాసన కమ్మరి కొట్టం దాకా పోయింది. అక్కడ చూడవచ్చినవాళ్ళంతా ఇక్కడికి వచ్చేశారు. బల్లల మీద పెద్దవాళ్ళు, కింద పిల్లలు.

"ఈ పొయ్యి పైనున్న అరుగు మీదే ఆరుగురు పిల్లలు పడుకునేవాళ్ళు," అంటోంది ముసలావిడ. "బయట గడ్డకట్టే చలి. ఇక్కడ వీపు వెచ్చగా ఉండేది."

"మా నానమ్మ వాళ్ళూ ఇలాంటి మట్టి కొంపలోనే ఉన్నార్ట," అన్నాడు ఒకాయన గొంతు తగ్గించి. "ఎక్కడా చెప్పుకునేది కాదు పాపం. సిగ్గుపడేది."

ముసలావిడ నడుం నిటారుగా చేసింది. "సిగ్గెందుకయ్యా? చెట్లు కొట్టి, మొద్దులు పెకలించి, రాళ్ళేరి ఈ నేలలో గోధుమ పండించినవాళ్ళం. ఎవడి గుమ్మం ముందూ చెయ్యి చాపలేదు. తల పైకెత్తి తిను!"

పొగలు కక్కే రొట్టె తుంచి, ఉప్పు అద్ది, ముందు ఆయన చేతిలో పెట్టింది. తర్వాతి ముక్క ఒరెస్ట్‌కి. అతను నిలబడే తిన్నాడు. పైపెంకు కరకరలాడింది. లోపల మెత్తగా, కాస్త పుల్లగా ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలు చూశాడు. తన ముత్తవ్వ కూడా ఇలాంటి ఇంట్లోనే కాపురం చేసిందని ఆఫీసులో తనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు. పక్కనున్నాయనకి చెప్పాడు. గట్టిగానే చెప్పాడు. జేబులోంచి జాబితా కాగితం తీసి మొదటి పేరు కొట్టేశాడు.

అక్కడినుంచి తిన్నగా మేనేజరు ఇరేన్ బొద్నార్ గదికి వెళ్ళాడు.

"యుర్కివ్‌ల ఇల్లు మూసేది లేదు. మీ ఉద్యోగులందరికీ ఆవిడ చేతే శిక్షణ ఇప్పించండి. నా పుస్తకం కూడా ఆవిడకే ఇచ్చి దిద్దించండి."

ఇరేన్ తెల్లబోయి చూసింది. "ఏ ఆవిడ సార్? ఆ ఇంట్లో చేసే అమ్మాయికి జ్వరం, మూడు రోజులుగా రావట్లేదు. ఆ ఇంటికి తాళం వేసి ఉంది కదా!"

ఇద్దరూ పరుగెత్తారు. జనం వెళ్ళిపోయారు. కిటికీలోంచి చూస్తే నేల ఊడ్చి ఉంది, పొయ్యి నోరు మూసి ఉంది. ముసలావిడ బయట నిలబడి, జానెడు పొడవున్న ఇనప తాళంచెవితో తలుపుకి తాళం వేస్తోంది.

"ఆ తాళంచెవి మీకెక్కడిదమ్మా?" ఆయాసపడుతూ అడిగింది ఇరేన్.

"ఈ ఇల్లు మీకు అప్పజెప్పిన రోజున మా అమ్మ యెవ్‌దోఖా మీవాళ్ళకి ఒక్క తాళంచెవే ఇచ్చింది," అంటూ రెండోదాన్ని జేబులో వేసుకుంది ఆవిడ.