పై పొర

“గిన్నెలు కడగడం కూడా చేతకాదా నీకు?” పెద్దసారు కొలిమి మనిషి మీద అంతెత్తున లేచాడు.

అది బురద పరీక్షించే చోటు. ఏటా వేసవిలో ఓడ వేసుకుని ఆర్కిటిక్ సముద్రానికి వెళ్ళడం, ఎప్పుడూ ఒకే చోట గొట్టం దింపి అడుగు బురద తేవడం, దాన్ని పొరలుగా కోసి, ఎండబెట్టి, తూచి, కాల్చి, మళ్ళీ తూచడం. తగ్గిన బరువే అందులోని జీవపదార్థం. పై పొర కొత్తది కాబట్టి నాచూ పురుగూ దాన్లోనే ఎక్కువ. అదే బాగా కాలాలి.

ఈసారి ఆ పై పొరే మొండికేసింది. తెల్లటి పలుకులేవో కాలకుండా గిన్నెలో మిగిలిపోయాయి.

“పాత మురికి! రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు.”

కొలిమి మనిషి ముఖం పాలిపోయింది. ఈమధ్యే తండ్రయ్యాడు. నువ్వైనా చెప్పక్కా అన్నట్టు బురద కోసే ఆవిడ వైపు చూశాడు.

ఆవిడ తల దించుకుంది. తప్పెవరిదో ఆవిడకు తెలుసు. ఓడ మీంచి సముద్రంలో చిటికెడు ఉప్పు కూడా వెయ్యకూడదని నియమం. కిందటేడు అదే చోట, ఎవరూ చూడకుండా, కోటులోంచి డబ్బా తీసి గబుక్కున వంపేసింది. నీళ్ళు ఎటో తీసుకుపోతాయిలే అనుకుంది. పోలేదు. ఇప్పుడు పక్కవాడి కూడు పోతోంది.

“మీ ఆయన ఉండుంటే గొట్టం పైకి లాగినప్పుడే ఈ తేడా పట్టేసేవాడు. ఆ చోటు ఆయనకి కొట్టిన పిండి,” అన్నాడు పెద్దసారు కాస్త తగ్గి. “సరే, కొత్త గిన్నెలో నువ్వే పెట్టమ్మా.”

పెట్టింది. కొలిమి తలుపు మూసింది. పాపం చేస్తున్నానని అనిపించింది. తీసి చూస్తే మళ్ళీ అవే తెల్లటి పలుకులు.

“ఇంకోసారి పెట్టు.”

మరో గిన్నె నింపింది గానీ కొలిమి వైపు అడుగు పడలేదు.

“పెట్టక్కా,” కొలిమి మనిషి బతిమాలాడు. “నా ఉద్యోగం దాని మీదే ఉంది.”

“అతన్నేమీ అనకండి సార్. కిందటేడు ఓడ మీంచి అక్కడ వంపింది నేనే.”

“ఏం వంపావు?”

ఆవిడ గిన్నెను రెండు చేతులా పొదివి పట్టుకుంది.

“ఇది ఎన్నిసార్లు పెట్టినా కాలదు సార్... ఆయన్ని మనందరం వెళ్ళి ఒకసారి కాల్చే వచ్చాం.”