మోకాలు మారిన నొప్పి

“అప్పలనర్సమ్మ గారూ.”

భానుప్రియ రెండోసారి పిలిస్తే గాని కుర్చీలోని పెద్దావిడ తలెత్తలేదు. భానుప్రియ తన ట్యాబ్‌లో ‘వినికిడి లోపం’ దగ్గర టిక్కు పెట్టుకుంది.

ఇంటింటికీ వెళ్లి ముసలమ్మలు మింగే మాత్రలు సరిచూడటం ఆమె ఉద్యోగం. తార్‌బహార్ బస్తీలోని ఈ ఇంటికి రావడం రెండోసారి. పోయిన నెల ఇక్కడ ప్రెషరు మరీ ఎక్కువగా చూపించింది. “తగ్గిందని మీరు చెబితేనే అమ్మను సింహాచలం పంపుతాను,” అని కొడుకు జయప్రకాష్ ఫోన్లో తేల్చేశాడు. అప్పన్న ఏడాదికొక్కసారి చందనం లేకుండా కనిపించే రోజు ఎల్లుండే. బండి ఈ రాత్రికే. కొడుకూ కోడలూ డ్యూటీలకు వెళ్లారు.

“వివరాలు మళ్లీ చూడాలి. భర్త పేరు?”

“అప్పలస్వామి. ఇంజను డ్రైవరు. అతనూ ఎనకింటాయనా, ఒకడికి జొరమొస్తే ఇంకొకడు డ్యూటీ ఎక్కేసీవోడు. అలాటి మనుషులమ్మా.”

“అచ్ఛా. మా నాయనమ్మ చచ్చినా తాతయ్య పేరు పలకదు. మీరు మోడర్న్, అమ్మమ్మా.” ట్యాబ్‌లోంచి తలెత్తకుండానే మెచ్చుకుంది భానుప్రియ. “మాత్రలేవీ?”

పెద్దావిడ ఒక అలమారా తెరిచింది. పప్పు డబ్బాలు. ఇంకోటి తెరిచింది. దుప్పట్లు. చివరికి మాత్రల డబ్బా ఫ్రిజ్ మీద దొరికింది.

‘మతిమరుపు’ దగ్గర ఇంకో టిక్కు.

మాత్రలన్నీ మంచం మీద పరిచింది భానుప్రియ. గ్యాసుకని ఇద్దరు డాక్టర్లు రెండు పేర్లతో రాసింది ఒకటే మందు. అందులో ఒకటి తీసి అవతల పెట్టింది. ఆ పూట ఆ ఇంట్లో ఆమె కళ్లు తెరిచి చూసింది అదొక్కటే.

“కుడి మోకాలి నొప్పి ఎలా ఉంది?”

“ఎడమదమ్మా.”

“పోయిన నెల కుడి అన్నారే?”

పెద్దావిడ రెండు మోకాళ్లూ తడిమి చూసుకుంది. “మారిందేమో.”

“మారుతుంది, మారుతుంది. ఈ వయసులో అంతే.” నొప్పి మోకాలు మారినట్టు శ్రద్ధగా రాసుకుంది.

తర్వాత చేతికి పట్టీ కట్టింది. నూట ముప్ఫై. మిషను పాడైందేమోనని తట్టి మళ్లీ చూసింది. నూట ముప్ఫయ్యే.

“చూశారా, నేను మాత్ర మార్చిన ఫలితం.”

“పోయిన్నెల ఆ పట్టీ సూసి బెదురమ్మా. మరేటీ లేదు.”

“బెదురు కాదు అమ్మమ్మా. సైన్సు.”

అక్కడికక్కడే జయప్రకాష్‌కు ఫోన్ చేసింది. “ప్రెషరు బిల్‌కుల్ నార్మల్. కానీ మతిమరుపు మొదలైంది. ఒంటరిగా మాత్రం పంపకండి.”

పెద్దావిడ ముఖం మాడిపోయింది. “ఒంటరిగా ఏటి? ఎనకింటి అచ్చియమ్మ తోడెల్తాది గదా.”

“ఆవిడకు అన్నీ గుర్తుంటాయా?”

“దానికా? దాని ముందు నువ్వూ నేనూ ఏపాటి.”

భానుప్రియ ఆ మాటే ఫోన్లో చెప్పింది. అచ్చియమ్మ పిన్ని ఉంటే తనకు బెంగే లేదన్నాడు జయప్రకాష్.

వెళ్తూ వెళ్తూ భానుప్రియ జ్ఞాపకశక్తికి కొత్త మాత్ర ఒకటి డబ్బాలో చేర్చింది. “ఇది దగ్గరుండి మింగించమని ఆ అచ్చియమ్మ గారికి చెప్పండి. మీరు మర్చిపోతారు.”

“దానికి నాను సెప్తాలే తల్లీ.”

స్కూటీ చప్పుడు సందు చివర మలుపు తిరిగాక, అచ్చియమ్మ కుర్చీలోంచి లేచి పెరటి తలుపు తీసి, “ఒలే అప్పలనర్సమ్మా, మా ఇంట్లోంచి ఇంక రా, నీ డ్యూటీ నాను సేసీసినాను,” అని కేకేసింది.