ఎదురెదురు గోడలు

ముసలాయన ఆ రోజు కూడా మల్లేశ్వర్ బొమ్మకు వీపు పెట్టే కూర్చున్నాడు.

మల్లేశ్వర్‌కు ఒళ్లు మండిపోయింది.

అది శంషాబాద్‌లో ఓ ఫంక్షన్ హాలు మీది గది. ఎదురెదురు గోడల మీద ప్రదర్శనకు పెట్టిన రెండు వీడియోలు ఆడుతున్నాయి. ఒక గోడ మీద ఆరిఫ్ తీసిన విమానాలు చడీచప్పుడు లేకుండా దిగుతుంటాయి. రెండో గోడ మీద, కొత్త రోడ్డు కింద పోయిన ఓ వ్యవసాయ బావి. అది పోకముందు మల్లేశ్వర్ తీసింది. మధ్యలో ఒక్కటే బెంచీ.

విమానాశ్రయం తెరిచిన ఏడాదే ఇద్దరూ కలిసి పెళ్లి వీడియోలు తీయడం మొదలుపెట్టారు. నాలుగేళ్లలో ఢిల్లీ దాకా తమ వీడియోల ప్రదర్శనలు పెట్టిన జోడీ అయ్యారు. వాళ్లకు ఒకటే షరతు. ఒకరి బొమ్మ మీద ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు.

పేరు మాత్రం ఆరిఫ్‌కే వచ్చింది. పేపర్లో విమానాలే పడ్డాయి. వచ్చినవాళ్లు ఆరిఫ్ భుజమే తట్టారు. "బావి కూడా బాగుంది" అన్నవాళ్ల మీద మల్లేశ్వర్‌కు ఇంకా మంట. ఆ ‘కూడా’ అతని గొంతులో ముల్లు.

ఇప్పుడు పానకంలో పుడకలా ఈ ముసలాయన. రోజూ మంఖాల్ నుంచి ఆటోలో వస్తాడు. చెప్పులు బయట విప్పి, విమానాల వైపే తిరిగి కూర్చుంటాడు.

"తాతా, ఇటు గూడ జర సూడరాదు?" అన్నాడు మల్లేశ్వర్, ఉండబట్టలేక.

"ఇట్లనే మంచిగున్నది బిడ్డా" అన్నాడు ముసలాయన, తల తిప్పకుండానే.

ఆరిఫ్ నవ్వాడు. "పోనీ యార్, ఆయన ఇష్టం."

"నీకేంది, నీ దిక్కే సూస్తున్నడు గదా!"

ఈ ప్రదర్శన కాగానే జోడీ తెంచుకోవాలని మల్లేశ్వర్ ఆ పూటే నిశ్చయించుకున్నాడు. ఒకడి వెనక తోకలా ఎన్నాళ్లని ఉంటాడు?

మర్నాడు తలుపు తీస్తూనే తన బొమ్మకు శబ్దం కట్టేశాడు. మోటారు నీళ్లు తొట్టిలో పడే చప్పుడూ, గట్టు మీదినుంచి ఎవరో ఆడమనిషి వేసిన కేకా, అన్నీ పోయాయి. చూసే దిక్కులేని బొమ్మకు చప్పుడొకటా?

"నీ బావి మూగదయిందేంది?" అన్నాడు ఆరిఫ్.

"నా బొమ్మ, నా ఇష్టం. షరతు యాదిలేదా?"



ముసలాయన వచ్చి కూర్చున్నాడు. కాసేపటికి కదిలాడు. చెవి పక్కకు వంచాడు. తర్వాత మెల్లగా, మొట్టమొదటిసారి, వెనక్కి తిరిగాడు. లేచి గోడ దాకా వెళ్లి, బావిని చాలాసేపు చూశాడు.

మల్లేశ్వర్ కడుపు చల్లబడింది. ఆరిఫ్‌ను మోచేత్తో పొడిచాడు.

"సూసినవా? ఇయ్యాల నా దిక్కు తిరిగిండు!"

ముసలాయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు. మల్లేశ్వర్‌కు ఆ దిగులేమీ లేదు. తాను గెలిచాడు, అది చాలు. జోడీ తెంచుకునే సంగతి కూడా మరిచిపోయాడు.

ప్రదర్శన ఆఖరి రోజు ఒకామె వచ్చింది.

"రోజు గీడికొచ్చే పెద్దమనిషి, కుర్మయ్య, మా బాపు. మొన్న కాలం జేసిండన్నా."

"అయ్యో! ఉండక్కా, ఆరిఫ్‌ను పిలుస్త. ఆయనకు విమానాలంటే పాణం." ఆ మాట అంటున్నప్పుడు కూడా మల్లేశ్వర్‌లో ఎక్కడో పాత మంట చురుక్కుమంది.

"విమానాలు గాదన్నా, గా బావి. దాని సప్పుడు జర పెట్టరాదు? ఫోన్ల పట్టుకపోత."

మల్లేశ్వర్ తెల్లబోయి శబ్దం పెట్టాడు. నీళ్లు తొట్టిలో పడ్డాయి. ఆ వెంటనే గట్టు మీదినుంచి కేక వినిపించింది.

"ఇనవడ్తలేదా? బువ్వ సల్లారుతున్నది, రారాదు!"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మరి... ఆయన ఎన్నడూ ఇటు తిరగలేదు గదక్కా?"

"తిరిగితే కనవడేది గోడనే గదన్నా. అటు తిరిగి కూసుంటే, నిజంగనే ఎనకకెల్లి పిలిచినట్టుంటదనేటోడు."

ఆమె కళ్లు తుడుచుకుంది.

"మా బావి పోయిన యేడే అమ్మ గూడ పోయింది. ఆఖరిసారి ఈడికెల్లి ఇంటికొచ్చి, ‘ఇయ్యాల మీ అమ్మ పిలువలేదు బిడ్డా’ అని, అన్నం ముట్టకుంటనే పండుకున్నడు."