ఎండ దిగే టవల్

ఒంటిని బట్టి తనే సర్దుకునే బ్రా ఇంటింటికీ వచ్చేసిన రోజులవి. పట్టీ జారదు, తీగ గుచ్చుకోదు. ఉతికాక కాసేపు ఎండ తగిలితే చాలు, మళ్ళీ కొత్తదానిలా పనిచేస్తుంది. అయినా మందుల షాపులో పొద్దస్తమానం నిలబడే నీలవేణికి భుజాలు కోసుకుపోతున్నాయి.

సర్వీస్ సెంటర్ అమ్మాయి దాన్ని చూడగానే నవ్వేసింది. "దీనికి ఎండ మొహమే తెలీదు మేడమ్. టవల్ కింద ఆరేస్తున్నారు కదా? ఇక్కడికొచ్చే వాళ్ళందరిదీ ఇదే గోల."

ఇంటికొచ్చి నీలవేణి దాన్ని బాల్కనీ దండెం మీద, మొగుడి బనియన్ల పక్కన, బాహాటంగా ఆరేసింది. అత్తగారు పరుగున వచ్చి టవల్ కప్పేసింది.

"ఎదురింటి వాళ్ళు చూస్తే పరువేం కావాలే?"

"భుజాలు పుండ్లయిపోతున్నాయి అత్తయ్యా."

"మాకవలేదూ? ఎవరికైనా చెప్పుకున్నామా?"

కంపెనీకి ఇలాంటి ఫిర్యాదులు వేలల్లో వెళ్ళాయి. శాస్త్రవేత్తలు కిందామీదా పడి, ఎండని దిగనిస్తూనే కింద ఉన్నదాన్ని కనపడనివ్వని నీలం టవల్ ఒకటి కనిపెట్టారు. నీలవేణి కొంది. భుజాల మీద పుండ్లు మానసాగాయి.

ఓ పొద్దున అత్తగారు బాల్కనీలో నిలబడి ఎదుటి అపార్ట్‌మెంట్ వైపు చూసింది. ప్రతి అంతస్తులోనూ అదే నీలం టవల్ ఆరుతోంది.

"ఓసి దీని దుంప తెగ! ఈ నీలం టవల్ కనబడితే కింద ఏముందో ఊరందరికీ తెలిసిపోదూ?"

లోపలికెళ్ళి తన పాత చీర తెచ్చి, నాలుగు మడతలు వేసి టవల్ మీద కప్పింది.

పక్కనే బనియన్లు హాయిగా ఎండలో ఊగుతున్నాయి.